గోడ బరువు ఎక్కడ పడుతుంది?

హైదరాబాద్ మణికొండలో కొత్త అపార్ట్‌మెంట్ లేస్తున్న చోట మొదట కంటికి ఆనేవి పిల్లర్లే. ఇంజినీరు లెక్క మాత్రం పైన బీము మీదికి ఎక్కబోయే గోడతో మొదలవుతుంది. తొమ్మిది అంగుళాల గోడ, మూడు మీటర్ల ఎత్తు అనుకుందాం. ఇటుక కట్టుబడి ఘనపు మీటరుకు సుమారు 2 టన్నులు తూగుతుంది. అంటే ఆ గోడ మీటరు పొడవుకు దాదాపు 1.4 టన్నుల బరువు మోపుతుంది. ఇలా పొడవంతా సమానంగా పరచుకున్న భారాన్ని పాలిటెక్నిక్ పిల్లలు యూడీఎల్ అంటారు.

స్టాటిక్స్ నేర్పే పద్ధతిలో భారాన్ని ముందు బొమ్మగా గీస్తారు. బొమ్మ వైశాల్యం మొత్తం బరువు. దాని గురుత్వకేంద్రం ఉన్నచోట ఆ బరువునంతా ఒక్క బాణంగా నిలపవచ్చు. నాలుగు మీటర్ల బీము మీద గోడ బొమ్మ దీర్ఘచతురస్రం కాబట్టి 5.6 టన్నులు సరిగ్గా నడుమ నిలుస్తాయి, చెరో చివరకూ 2.8 టన్నులు దిగుతాయి.

ఆ బాణం పని అంతవరకే. రెండు చివరలా ఊరికే ఆనించిన ఈ బీములో, గోడ పరచుకుని ఉన్నప్పుడు నడుమ బెండింగ్ మూమెంట్, అంటే బీమును వంచే ప్రభావం, 2.8 టన్ను-మీటర్లు. అదే 5.6 టన్నులను నడుమ ఒక్కచోట పెడితే అది 5.6కు చేరుతుంది, సరిగ్గా రెట్టింపు. పిల్లర్లకు ఈ తేడా తెలియనే తెలియదు, బీములోని ఇనుముకు తెలుస్తుంది. ఈ పాఠానికంతటికీ ప్రాణం ఇదేనని నా నమ్మకం. సూత్రాలు బట్టీపట్టిన విద్యార్థి చాలాసార్లు తడబడేదీ ఇక్కడే.

శ్లాబు బరువు ఇంకాస్త చిత్రంగా పంపిణీ అవుతుంది. 3 మీటర్లకు 4 మీటర్ల గదికి నాలుగు వైపులా బీములుంటే, మూలల నుంచి 45 డిగ్రీల గీతలు గీస్తారు. పొట్టి బీములకు చెరో త్రిభుజం, పొడుగు బీములకు చెరో ట్రెపీజియం వస్తాయి. అయిదంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు. ఇళ్లలో మనుషులకూ సామానుకూ భారాల ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం మరో 200 కిలోలు కలుపుతారు.

త్రిభుజం అసలు బలం చూడాలంటే గండిపేట ఆనకట్ట గుర్తు చేసుకోవాలి. 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో తలపెట్టి, 1920లో పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్ అది. నీటి ఒత్తిడి పైన సున్నా, లోతుకు ప్రతి మీటరుకూ చదరపు మీటరుకు టన్ను చొప్పున పెరుగుతుంది కాబట్టి దాని బొమ్మ త్రిభుజం. పది మీటర్ల నీరు నిలిస్తే గోడ మీటరు పొడవు మీద 50 టన్నుల తోపు. ఆ తోపు అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. వెనక చెరువు ఎంత దూరం పరచుకున్నా ఈ లెక్క మారదు. లోతు రెట్టింపైతే మాత్రం తోపు నాలుగింతలు, గోడను పడదోసే మూమెంటు ఎనిమిదింతలు.

రాళ్ల వాలు కోసి ప్లాటు చదును చేసినప్పుడు మట్టిని ఆపే గోడ మీద పడేదీ ఈ త్రిభుజమే. పొడి ఇసుక మట్టి తన బరువులో సుమారు మూడో వంతు పక్కకు తోస్తుంది. వానకు అందులో నీరు నిండి నిలిచిపోతే తోపు రెట్టింపు దాటుతుంది. అందుకే ఆ గోడ అడుగున వరసగా పైపు కన్నాలు వదిలి, వెనక కంకర పోస్తారు. కన్నాలు పూడిపోతే గోడ మోయాల్సిన త్రిభుజం మారిపోతుంది.