అపరాధమున హేతువు, కర్త

ఇటలీదేశీయుఁడగు లాంబ్రోసో 1876లోఁ బ్రకటించిన గ్రంథమునఁ గొందఱు జన్మముచేతనే యపరాధులనియు, దవడ, చెవులు, కపాలము మున్నగువానిచే వారిని గుర్తింపవచ్చుననియు సిద్ధాంతీకరించెను. ఈ మతము విచారసహము కాదు. క్రియాన్వయము లేక కారకత్వము లేదు. చేయని నేరమునకుఁ గర్త యెట్లు సిద్ధించును? 1913లో ఆంగ్లేయుఁడగు గోరింగు సుమారు 3000 మంది ఖైదీలను బరీక్షించి, అట్టి ప్రత్యేకాకృతి లేదని చూపెను.

ఐనను మనశ్శాస్త్రము చెప్పు హేతువులన్నియుఁ ద్రోసివేయఁదగినవి కావు. పాణిని క్రియయందు స్వతంత్రుఁడగువానిని గర్త యనియు, వానిని బ్రేరేపించువానిని హేతు వనియుఁ జెప్పెను. యజమానుఁడు వండించినను వంటవాని కర్తృత్వము పోదు, గొడ్డలియో, కరణమాత్రము. బాల్యమునఁ బడిన బాధయు, దురభ్యాసమును ప్రేరకములే కాని మనుష్యుని గొడ్డలిగాఁ జేయవు. తీవ్రమగు నున్మాద మొక్కటియే యట్లు చేయఁగలదు.

1843లో ఆంగ్లప్రధాని కార్యదర్శి యగు డ్రమ్మండును జంపిన మెక్‌నాటన్ ఉన్మత్తుఁడని నిర్ణీతుఁడయ్యెను. ఆ వెనుక న్యాయాధిపతులు చెప్పిన నియమమే 1860 నాఁటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షనునకును, 2024 నుండి దాని స్థానమున నున్న న్యాయసంహిత 22వ సెక్షనునకును మూలము. చిత్తవైకల్యముచేఁ దాఁ జేయుపని స్వరూపమునుగాని, యది తప్పనిగాని యెఱుఁగలేనివాని కృత్యము నేరము కాదు.

ఎఱిఁగియు నిలువలేనివాఁడో? ఆ నియమము వానిని విడువదు. గీతలో నర్జునుఁ డడిగినదియు వీనిఁగూర్చియే: బలాత్కృతునివలెఁ బాపము చేయువాఁ డెవ్వనిచేఁ బ్రేరితుఁడని. అచ్చట బలాత్కారము సాదృశ్యమే కాని తాదాత్మ్యము కాదు. కనుకనే కామక్రోధములను జయింపుమను నుపదేశము సార్థకమైనది. హేతుజ్ఞానము చికిత్సకు దారి చూపును, శిక్షను దగ్గింపనుఁజాలును; కర్తను లోపింపఁజేయరాదు. కర్త లోపించినచో శిక్షయే కాదు, పశ్చాత్తాపమును నిరాశ్రయమగును.