పూటకూటి యింటివారి పేరు

తెలుగు సంఘమువారు ఈ సంచికకు ఒక విమర్శవ్యాసము వ్రాయుడని కోరినప్పుడు మేము కొంత వెనుదీసితిమి. ముప్పదియారేండ్లు పేర్ణాంబట్టులో తోళ్ళ మండీ లెక్కలు చూచి, మద్రాసు పెరియమేటకు పోవు సరకునకు బిల్లులు వ్రాసిన చేయి ఇది. చదువు ఎస్.ఎస్.ఎల్.సి. తోనే ఆగినది. అయినను బిల్లులు వ్రాయువానికి ఒక అలవాటు అబ్బును. ఏమి సరకు, ఎవరిది, ఎంతకు? ఈ మూడును తేలనిదే వాడు కాగితమును ముందుకు జరుపడు. మన కవులు ఇల్లు విడిచి బయట తిన్న కూటిని గూర్చియు, త్రాగిన పానీయమును గూర్చియు ఏమి వ్రాసిరో ఆ మూడు ప్రశ్నలతోడనే చూడదలచితిమి. పండితులు క్షమింతురు గాక.

ఈ పరీక్షలో మొదటి మార్కు క్రీడాభిరామమునకే. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించి వెలసిన వీథిరూపక మది. వినుకొండ వల్లభరాయని పేర నున్నది. కాదు, శ్రీనాథునిదే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు వాదించిరి. ఆ తగవు మాకక్కరలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఓరుగల్లు పట్టణమును ఒక దినమంతయు తిరిగి చూచుటయే కథ. వారికి తొందర లేదు. కోడిపందెము కనబడిన నిలుతురు, పలనాటి వీరుల కథ వినబడిన నిలుతురు. ఒకరి మాట నొకరు అందుకొనుచు, వేళాకోళము లాడుకొనుచు నడతురు. ఆకలివేళకు పూటకూటి యింటి ప్రసంగము వచ్చును. కప్పురభోగి యను సన్నబియ్యపు టన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డలు గడ్డలుగా తోడుకొన్న క్రొత్త పెరుగు. ఇవన్నియు లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు దొరకునట.

ఇందు కవి అమృతమనియు సుధయనియు అనలేదు. సరకు చెప్పెను, వెల చెప్పెను, ఇంటివాని పేరు చెప్పెను. పెరుగు గడ్డలుగా నుండెనని వ్రాసినవాడు తినిన వాడే కాని విని వ్రాసినవాడు కాడు. ఇన్ని శతాబ్దములు గడచినను ఆ పద్యము చదువునప్పుడు మాకు ఆకలియగుటకు కారణ మిదియే. ఓరుగంటి రాజులు పోయిరి, కోట శిథిలమైనది, ఒక అన్నము పెట్టువాని పేరు మాత్రము నిలిచినది.

శ్రీనాథుని పేర చెల్లు చాటువులు ఇందుకు సరిగా ఎదురు. పలనాటి జొన్నకూటిని ఆయన నిందించెననియు, కన్నడరాజ్యమునకు పోయి వెల్లుల్లి, తెలకపిండి తినవలసి వచ్చెనని వాపోయెననియు చెప్పుదురు. అరవవారి విందుపై నున్న సీసపద్యము మరింత ప్రసిద్ధము. తొలుతనే పెద్ద మిరియాల చారు వడ్డింతురట, అది త్రాగిన చెవులలో నుండి పొగ వెళ్ళునట. మా చిన్ననాట తెలుగు పంతులుగారు ఈ పద్యమును చదివి తాము నవ్వి మమ్ము నవ్వించిరి. ఆ సాయంకాలమే జలుబుతో ఇల్లు చేరగా మా యమ్మ పెట్టినది మిరియాల చారే! మా యింట అది ఏనాడు అరవవారి వంట కాలేదు. పొరుగువారు మిళగుతణ్ణి అన్నదానిని మేము చారంటిమి, వారు కళి అన్నదానిని మేము సంగటి అంటిమి, పొయ్యి మాత్ర మొక్కటే. పద్యము బిగువైనదే. తీర్పు మాత్రము ఒక పూట చుట్టమై వచ్చి పోయినవాడు చేసిన తీర్పు. ఎవరి యింట తినెనో చెప్పలేదు, ఎంతకు తినెనో చెప్పలేదు. తరతరములుగా ఇచ్చటనే తిను మనవంటివారు ఆ పద్యమును పిల్లలకు చదివి వినిపింపవచ్చును గాని దానితో ఏకీభవింప పనిలేదు. అరవ యను మాట పొరుగువారికి కష్టము కలిగించు ననియు పిల్లలకు చెప్పుట మంచిది.

నేటి లక్ష్మణవజ్ఝలలను చూడగోరువారు వేలూరు పోవలెను. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని నెలకొల్పిన సి.ఎం.సి. ఆసుపత్రి చుట్టునున్న సందులలో ఆంధ్ర భోజనమని తెలుగు అక్షరములతో పలకలు కనబడును. ప్రక్కనే వంగదేశపు చేపల కూర పెట్టు హోటలు ఉండును. అచ్చట తినువారు విహారమునకు వచ్చినవారు కారు. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాలనుండి రోగులతో వచ్చి, లోపల తండ్రినో బిడ్డనో ఉంచి బయట నాలుగు ముద్దలు తినువారు. గోంగూర పచ్చడి విస్తరిలో పడగానే ఒక ముసలాయన కన్నీరు పెట్టుకొనుటను మేము చూచితిమి. కారము వలన అని ఆయన అనెను. ఈ హోటళ్ళపై తెలుగున ఒక మంచి కథ మాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక కన్యాశుల్కము. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో గురజాడవారి చేతనే తిరుగవ్రాయబడిన నాటక మిది. ఇందు పూటకూళ్ళమ్మ కలదు. గిరీశము ఆమె యింట తినెను, ఆమె సొమ్ము కాజేసెను, ఆమె చీపురుకట్టతో వచ్చునప్పటికి మంచము క్రింద దూరెను. ఆ దెబ్బలు రామప్పంతులుకు తగులుట చూచి నూరేండ్లుగా నవ్వుచున్నాము. మేమును నవ్వితిమి. మొన్న వ్యాసము కొరకు మరల చదువునప్పుడు బిల్లు వ్రాయువాని బుద్ధి అడ్డు తగిలినది: ఈమె పేరేమి? మధురవాణికి పేరున్నది, బుచ్చమ్మకు పేరున్నది. ఊరిలో ఇల్లు లేనివారికందరికి అన్నము వండిపెట్టు వితంతువునకు వృత్తియే పేరు. గురజాడవారు మరచిరని మేమనము. ఆనాటి విజయనగరములో ఆమె నెవరును పేరుతో పిలువలేదు కాబోలు, ఆయన ఉన్నది ఉన్నట్లు వ్రాసెను. కాని ఇది కనుగొని పండితులవలె సంతోషించునంతలో మాకు వేరొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. దానిని చెప్పక తప్పదు.

మేము నలుగురము మిత్రులము. మా బావగారు ఒకరు, బడిపంతులుగా పనిచేసినవారొకరు, మండీలో మాతో కలిసి పనిచేసిన భాయి ఒకరు. భాయికి ఇంట ఉర్దూ, వీథిలో తమిళము, మాతో తెలుగు. ఆయన మూలముననే మాకు ఆంబూరు బిరియాని రుచి తెలిసినది. 1890 ప్రాంతమున మొదలైన పేరుపొందిన అంగడి ఆ ఊరిలో కలదు. సీరగ సాంబ యను చిన్నగింజ బియ్యము, పులుపు పట్టిన వంకాయ కూర, ఉల్లిపాయ పెరుగుపచ్చడి, ఇంతే. మసాల తక్కువ, మాంసము మెత్తన. దానిని గూర్చి అందరు వ్రాయుచున్నారు కనుక మేము విడుచుచున్నాము.

మా నలుగురి నిజమైన స్థావరము గుడియాత్తములో నేతగాండ్ర వీథి దాపునగల చిన్న మెస్సు. పలక లేదు. నాలుగు బల్లలు, ఒక పెద్దామె, ఆమె కోడలు. బుధవారము సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి. వెల తెలియును, వంట తెలియును. పదునొకం డేండ్లు ప్రతి బుధవారము బస్సెక్కి పోయితిమి. ఆమెను అక్కా అని పిలిచితిమి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినది, మెస్సు మూతపడినది, మరల తెరువలేదు. ఆ సంవత్సరము చివర మేము పోయి విచారింపగా ఎదురింటివారు ఎవరిని గూర్చి అడుగుచున్నారనిరి. మేము ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. నలుగురిలో ఏ ఒక్కరికిని ఆమె పేరు తెలియదు. గిరీశముకన్న మేమొక విషయమున మాత్రమే మేలు: డబ్బిచ్చితిమి.

ఇక పానీయము. మన సాహిత్యములో త్రాగుడు రెండే విధములు: లోకము చెడినదను నీతిబోధ, లేక నవ్వులాట. కన్యాశుల్కములోనే బైరాగి, హవల్దారు మొదలగువారు కూర్చుండి త్రాగుచు వేదాంతము చెప్పు రంగము రెండవదానికి శిఖరము. లోకములో ఎక్కువతక్కువ లెంచువారు అచ్చట ప్రక్కప్రక్కన కూర్చుండిరి. ఇది గురజాడవారు చక్కగా కనిపెట్టిరి. ఆ రాత్రి వారి యిండ్లలో ఏమి జరిగెనో ఆ రంగములో లేదు. కల్లును పండుగగా, చుట్టరికముగా, పనివాని విశ్రాంతిగా చూచిన రచనలు తెలంగాణమునుండి వచ్చినవి. అచ్చట కల్లు ఇంటి వస్తువు కనుక వ్రాతలో తొట్రుపాటు లేదు.

మన ప్రాంతములో అట్లు కాలేదు. రాజాజీ 1937లో సేలములో మద్యనిషేధ మారంభించిరి, 1938లో చిత్తూరునకు, 1939లో మన ఉత్తరార్కాటునకు అది వచ్చినది. 1971లో నిషేధము సడలినది, కొలది యేండ్లలో మరల బిగిసినది. 1987 నుండి తమిళనాట కల్లు నిషిద్ధము. 2003 నుండి సీసామద్యపు చిల్లర అమ్మకము ప్రభుత్వ సంస్థ తాస్మాక్‌దే. అనగా ఉదయము చెట్టునుండి దించి సాయంకాలమునకు పులిసిపోవు కల్లు నేరము, ఎన్నడో ఎచ్చటనో నింపిన సీసా నేరము కాదు. కనుమ ఎక్కినచో ఆంధ్రదేశములో గీతవృత్తికి అనుమతి కలదు. ఇందలి న్యాయము మాకు బోధపడలేదు.

రెండేండ్ల క్రిందట పంతులుగారి కుమారుడు మమ్ము బెంగుళూరు తీసికొనిపోయెను. పేర్ణాంబట్టు కనుమ ఎక్కి, వేంకటగిరికోట దాటి, కోలారు బంగారుగనుల మీదుగా, ఒక్క ఉదయమున మూడు రాష్ట్రములు. ఆ ఊరిలో 2010 నుండి అక్కడనే కాచి అక్కడనే పోయు బీరు ఇండ్లు వెలసినవి. క్రాఫ్ట్ బీరు అందురు. అద్దము వెనుక పెద్ద ఉక్కు తొట్లు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలిపి వేడినీట నానబెట్టి, ఆ నీటిని హాప్స్ యను చేదుపూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి కొన్ని దినములు పులియనిత్తురు. మాకు పోసినది గోధుమ బీరు. మబ్బుగా ఉండెను. అరటిపండు, లవంగము వాసన వచ్చెను. అవి రెండును అందులో వేయరట, పులియునప్పుడు ఈస్టు వలననే పుట్టునట! లక్ష్మణవజ్ఝల అరటిపండ్లు మాకు తలపునకు వచ్చినవి. రుచి తేలికగా, కొంచెము పులుపుగా, బాగుగనే యుండెను. వెల బాగుగ లేదు. ఒక గ్లాసు డబ్బుతో గుడియాత్తములో ముగ్గురు కడుపునిండ తినవచ్చును.

భాయి నిమ్మకాయ సోడా తీసికొనెను, అది ఆయన ధర్మము. మా బావగారును సోడాయే తీసికొనిరి, అది వేరు కారణము. ఆయన తండ్రి తోళ్ళపనిలో శనివారము కూలి పుచ్చుకొని సారాయంగడికి పోయెడివాడు. తల్లి కమ్మలు, తరువాత ఇంటి గిన్నెలు, తరువాత బావగారి చదువు ఆ దారినే పోయినవి. ఈ వ్యాసపు చిత్తు చదివి ఆయన, "బావా, రాసుకో, నేనొద్దనను. కానీ మా నాయన సంగతి కూడా రాయి. లేకుంటే నీది సగం లెక్క" అనిరి. మా వృత్తిమాటతోనే మమ్ము పట్టుకొనిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిపై తిరుగబడిరి. ఆ ఉద్యమము పెరిగి 1993లో ఆంధ్రప్రదేశములో సారా నిషేధమైనది. వారి లెక్కలోని సరకు, వెల అందరికి తెలిసినవే. మా బీరు గ్లాసును ఆ లెక్క ప్రక్కన పెట్టి చూచినచో మాకు సమాధానము దొరకలేదు. బావగారు సోడా త్రాగుచు మాతో మూడుగంటలు కూర్చుండి నవ్విన మాట మాత్రము నిజము. ఇటువంటి బల్ల తెలుగు కథలో మాకు తగులలేదు. ఒకరు త్రాగుచు, ఒకరు త్రాగక, ఎవరును ఎవరికి ఉపదేశము చేయక కూర్చున్న బల్ల అది.

గ్లాసులు తెచ్చిన పిల్లవాడు మా మాటలు విని, "మాది పలమనేరు, బాబాయ్" అనెను. తరువాత గోడమీది నల్లపలకను చూపి, ఆ వారపు బీరు కాచినవాని పేరు అదిగో అనెను. సుద్దముక్కతో వ్రాసియుండెను. మేము నలుగురము మాటలాడక దానిని చదివితిమి. ఎందుకో ఆ పిల్లవానికి తెలియదు.

ఇప్పుడు మేము పోవునది బస్సు స్టాండు వెనుకనున్న వేరొక మెస్సు. మనుమరాలిని కూడ ఒక దినము తీసికొనిపోతిమి. 2006 నాటి చట్టము తరువాతి చదువు కనుక పలకమీది తమిళము గడగడ చదివినది, తెలుగులో రెండవమారు చారు అడిగినది. చేయి కడుగుకొని వచ్చి మేము వండునామె పేరడిగితిమి. ఆమె గరిటె ఆపి, ఏదైన పన్ను కాగితమా, రేషను కార్డు పనియా యని అడిగెను. కాదు, ఊరికే తెలిసికొందమని యంటిమి. చెప్పెను. అచ్చులో వేయవద్దని కోరినది గావున ఇచ్చట వ్రాయుట లేదు.