మెట్ట చేలో నులిపురుగుల లెక్క

నులిపురుగు అనగానే రైతుకు వేరుబుడిపెలు గుర్తొస్తాయి, వెంటనే మందు గుర్తొస్తుంది. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాళ్లు మాత్రం మొదట దాని నోరు చూస్తారు. సూది ఉంటే వేరునో బూజునో గుచ్చి పీల్చే రకం. ఉత్త గొట్టంలా ఉంటే బాక్టీరియాను మింగేది. పన్ను ఉంటే తోటి పురుగులను వేటాడేది. పిడికెడు మట్టిలో ఇవన్నీ కలిసే బతుకుతాయి, చాలావరకు మిల్లీమీటరు పొడవు కూడా ఉండవు.

బాక్టీరియాను తినేవాటి వల్ల పైరుకు మేలే. తిన్న మేతలో వాటి అవసరానికి మించి నత్రజని ఉంటుంది. మిగిలినదాన్ని అమ్మోనియంగా వదిలేస్తాయి, వేళ్లు అందుకుంటాయి.

ఏళ్ల తరబడి ఒకే ఎరువు వేస్తే నేల ఏమవుతుందో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు పెండిల్టన్‌లో చూడొచ్చు. ఏటా సుమారు 420 మిల్లీమీటర్ల వాన పడే మెట్ట అది. 1931 నుంచి అక్కడ ఒక ఏడు గోధుమ, మరో ఏడు బీడు. కొన్ని ప్లాట్లకు రసాయన నత్రజని, ఒకదానికి పశువుల ఎరువు, కొన్నిట్లో కొయ్యకాలు తగలబెడతారు. దశాబ్దాలు గడిచాక సేంద్రియ కర్బనం తరగకుండా నిలిచింది పశువుల ఎరువు పడ్డచోటే. రసాయన నత్రజని పడ్డచోట ఆమ్లగుణం పెరిగింది.

పులిసిన నేలలో, అమ్మోనియం దండిగా ఉన్నచోట, ముందుగా తగ్గిపోయేవి వేటాడే రకాలు. అవి పెద్దవి, నిదానంగా సంతానం పెంచేవి. బాక్టీరియా తినేవి కొద్ది రోజుల్లోనే తరం మార్చుకుంటాయి, పశువుల ఎరువు పడగానే విరివిగా పెరుగుతాయి. అందుకే మొత్తం ఎన్ని అన్న లెక్క ఒక్కటే మోసం చేస్తుంది. 1990లో టామ్ బాంగర్స్ అనే శాస్త్రవేత్త నులిపురుగుల ఒక్కో కుటుంబానికి, అది ఎంత నిదానంగా సంతానం పెంచుతుందన్నదాన్ని బట్టి, 1 నుంచి 5 వరకు అంకె ఇచ్చి, వాటి సగటుతో నేల ఎంత కుదురుకుందో చెప్పే సూచిక తయారుచేశాడు. అంతకంటే పనికొచ్చే కొలత మెట్ట సేద్యానికి మరొకటి కనిపించదు.

పశువుల ఎరువు వేస్తే వేరు తొలిచే పురుగు పోతుందని హామీ మాత్రం లేదు. ఏపుగా పెరిగిన వేరు దానికీ మేతే. పైగా ఎండలో చుట్టచుట్టుకుని, ఒంట్లో తడి ఆరిపోయినా బతికి, వాన పడగానే లేచే నులిపురుగులున్నాయి.

మన మెట్ట జొన్న రైతుకు 2015 నుంచి వస్తున్న భూసార కార్డులో 12 అంశాలుంటాయి. అన్నీ రసాయనాల లెక్కలే, ప్రాణమున్నది ఒక్కటీ లేదు. జిల్లా ప్రయోగశాలల్లో నులిపురుగులను గుర్తుపట్టేవారిని పెట్టి, పెంట తోలిన చేను మట్టినీ, యూరియా మీదే నడిచిన చేను మట్టినీ పక్కపక్కన పరీక్షించడం తక్షణం మొదలవ్వాలి.