గాజు మీద కెంపుల నక్షత్రం

ఏమి పొంకం! ఏమి రంగు! బూడిద కలిసిన తెల్లని మేను, ఆ మేని మీద వరసకట్టి లేచిన కెంపు కొమ్ములు, కొమ్ము నుంచి కొమ్ముకి సాగిన ఎర్రని చారలు. సంక్రాంతి తెల్లవారుజామున కోనసీమ వాకిట్లో చేయి తిరిగిన ఇల్లాలు చుక్కా చుక్కా కలిపి తీర్చిన ముగ్గు ప్రాణం పోసుకుని నడిస్తే ఇలాగే ఉంటుంది. ఎర్ర కొమ్ముల నక్షత్ర చేప ఇది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్రొటోరియాస్టర్ లింకీ. హిందూ మహాసముద్రంలో లోతు తక్కువ నీళ్లలో, ఇసుక మీదా సముద్రపు గడ్డి మధ్యా తిరిగే జీవి. బాగా ఎదిగితే అడుగు వెడల్పు ఉంటుంది. ఇప్పుడు రాజమండ్రిలో, మా ముందుగదిలో, ఉప్పునీటి అక్వేరియంలో వెలుగుతోంది. దగ్గరికి రండి, కాస్త వంగి చూడండి.

పైనుంచి చూసేవారికి దక్కేది సగం అందమే. గాజుగోడ ఎక్కినప్పుడు చూడాలి దాన్ని! కడలి తన నేలకి అదిమి దాచుకున్న పక్క మన కళ్లెదుట విచ్చుకుంటుంది. అయిదు చేతుల అడుగున అయిదు చాళ్లు, చాలు నిండా బారులు తీరిన నాళికా పాదాలు. ఒకటి చాచుకుంటుంది, ఒకటి గాజుని తాకి పట్టుకుంటుంది, ఒకటి మెత్తగా వదిలేస్తుంది. మెదడు లేదు, నెత్తురు లేదు. వీపు మీద నడిమికి కాస్త పక్కగా ఉన్న చిన్న జల్లెడ బిళ్లలోంచి లోనికి చేరిన సముద్రజలమే ఆ పాదాల్లో పొంగి వాటిని కదిలిస్తుంది. ముందూ వెనకా లేని నడక. ఏ చెయ్యి దారి తీస్తే అదే ముందు. చేతి కొసన చుక్కంత కన్ను వెలుగునీ నీడనీ పోల్చుకుంటుంది. అన్ని పాదాల్లో ఒక్కటీ తొందరపడదు, ఒక్కటీ తడబడదు! చూడగా చూడగా మన ఊపిరి కూడా ఆ నడకకి సర్దుకుంటుంది.

ఈ సొగసు గోదారి ఒడ్డున నిలవడంలో మరో రుచి ఉంది. మాది తియ్యని నీటి సీమ. ధవళేశ్వరం దాటి పాయలై, వరిచేలనీ కొబ్బరితోటలనీ తడిపి, అంతర్వేది దగ్గర వశిష్ఠ కడలిలో కలిసేదాకా గోదారి మాకు అమృతం. ఆ అమృతం ఈ జీవికి గిట్టదు. మంచినీటిలో బతికే నక్షత్ర చేప ప్రపంచంలోనే లేదు. చుట్టూ నీటిలో ఉప్పు ఎంతో, ఒంటిలోనూ అంతే. ఆ నీరు పలచబడితే ప్రాణం నిలవదు. వరద రోజుల్లో ఎర్రనీళ్లు గట్ల మధ్య పరవళ్లు తొక్కుతుంటే, ఇక్కడ లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుతో ఒక చిన్న సముద్రం నిబ్బరంగా నిలిచి ఉంది. ఎంత నాజూకు బతుకు, ఎంత ఠీవి!

ఇక దాని భోజనం. ఆల్చిప్ప మాంసం ముక్క ఒకటి ఇసుక మీద పెట్టండి. వాసన పట్టి వస్తుంది, మెల్లగా కమ్ముకుంటుంది, నడుము పైకి లేస్తుంది. నోటిలోంచి కడుపే బయటికి వచ్చి ఆ ముక్కని చుట్టుకుంటుంది. జంకే వాళ్లుంటారు, నాకు మాత్రం తిండిని ఇంత నిండుగా కౌగిలించుకునే జీవి మరొకటి కనపడదు! పగడాలనీ స్పాంజీలనీ కూడా వదలదు గనక దానికి వేరే తొట్టె కావాలి. నగలా అలంకరించి వదిలేస్తే ఆకలితో నెలల తరబడి చప్పుడు లేకుండా కృశిస్తుంది. కెంపు కొమ్ములకి మురిసే కన్ను ఆ ఆకలినీ కనిపెట్టాలి. విశాలమైన చోటు, వేళకి తిండి, చెదరని ఉప్పు ఇవ్వగలిగిన వారే ఈ నక్షత్రాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. అందాన్ని పోషించడమూ రసికతే.