వర్ధమానపుర దాయభాగం: గోన వంశ సంబంధ రచనల్లో వారసత్వ వివాదం

తెలుగులో ‘దాయాది’ శబ్దం తన చరిత్రను తనలోనే దాచుకొన్నది. దాయంలో భాగమున్నవాడు దాయాది. వాడుకలో ఆ మాటకు పగవాడన్న ఛాయ వచ్చి చేరింది. భాగం ఉండటమే పగకు కారణమన్న అనుభవం ఆ అర్థపరిణామంలో ఉన్నది. ‘సవతి’ శబ్దం చుట్టూ కూడా ఇటువంటి అనుభవమే పేరుకొన్నది. ఈ రెండు మాటలు కలిసే చోట, అనగా ఒక తండ్రికి పలువురు భార్యల వల్ల కలిగిన సంతానం మధ్యనూ, అన్నదమ్ముల సంతానం మధ్యనూ హక్కు ఎవరిదన్న ప్రశ్నను సాహిత్యం ఎలా ఎదుర్కొన్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఇందుకు నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నందివడ్డెమాను, అంటే నాటి వర్ధమానపురం, కేంద్రంగా పాలించిన గోన వంశంతో సంబంధమున్న రచనలను స్వీకరిస్తున్నాను. రంగనాథ రామాయణ కర్తృత్వం గురించీ, ఆ వంశంలోని బుద్ధారెడ్లలో కవి ఎవరన్న దాని గురించీ ఉన్న చర్చలోకి వెళ్లకుండా, గోన బుద్ధారెడ్డి కర్త అన్న ప్రసిద్ధిని అనుసరిస్తున్నాను.

1. హక్కు నుంచి పగ వైపు

రామకథలోని అయోధ్యాకాండ ప్రధానంగా సవతి సంతానపు వారసత్వ కథ. వాల్మీకంలో కైకేయి కోరికకు రెండు ఆధారాలున్నాయి. ఒకటి అందరెరిగిన వరద్వయం. రెండవది, కైకేయిని వివాహమాడేటప్పుడు ఆమె తండ్రికి దశరథుడు రాజ్యాన్ని శుల్కంగా మాట ఇచ్చాడని చిత్రకూటంలో రాముడే భరతునికి చెప్పిన విషయం. భారతంలో సత్యవతి తండ్రి శంతనుని అడిగినదీ ఇటువంటి నిబంధననే. రెండవ వివాహానికి ముందే పుట్టబోయే బిడ్డ హక్కును స్థిరపరచుకొనే ఏర్పాటిది. ఈ దృష్టితో చూస్తే కైకేయి వాదానికి ఎంతో కొంత వ్యవహార బలం ఉన్నది.

రంగనాథ రామాయణంలో మంథర ద్వేషానికి ఒక పూర్వకథ కనిపిస్తుంది. బాల్యక్రీడలో రాముని వల్ల ఆమె కాలు విరిగిందన్నది ఆ కల్పన. దీనిని విమర్శకులు సాధారణంగా అవాల్మీకాంశాల పట్టికలో చేర్చి విడిచిపెడతారు. కాని దాని ఫలితం గమనింపదగినది. ద్వేషానికి లౌకికమైన కారణం దొరకడంతో పాత్రకు నమ్మదగిన గుణం వచ్చింది. అదే సమయంలో శ్రోత దృష్టి ‘రాజ్యం ఎవరికి చెందాలి’ అన్న ప్రశ్న నుంచి ‘దాసికి ఎందుకింత పగ’ అన్న ప్రశ్న వైపు మళ్లింది. దాయభాగ వివాదం దాసి పగగా మారింది.

2. ధర్మశాస్త్రం చెప్పినది

ఈ మళ్లింపు ప్రాధాన్యం తెలియాలంటే ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టి చూడాలి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. ఆ సంప్రదాయంలో సవర్ణ భార్యల కుమారులకు పితృధనంలో సమాన భాగం. తల్లి ఎవరన్నది లెక్కకు రాదు. తండ్రి సమంగా పంచినప్పుడు స్త్రీధనం పొందని భార్యలకూ భాగమున్నది. అంటే పంచదగిన ఆస్తి విషయంలో శాస్త్రం సవతి సమస్యకు ఒక పరిష్కారం చూపింది.

చిక్కు రాజ్యంతో వచ్చింది. ఆచారం దానిని పంచరానిదిగా ఉంచింది. పొలాన్ని నలుగురికి పంచవచ్చును. సింహాసనంపై కూర్చొనేది ఒక్కరే. కనుక సవతుల మధ్య వైరానికి మూలం స్త్రీ స్వభావంలో కంటె ఆస్తి స్వభావంలోనే ఎక్కువగా ఉన్నది. కావ్యాలు మాత్రం ఆ భారాన్ని చాలావరకు సవతితల్లిపైనే మోపాయి.

3. గన్నారెడ్డి, రుద్రమ: రెండు న్యాయాలు

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నవలలో వివాదం అన్నదమ్ముల శాఖల మధ్య నడుస్తుంది. బుద్ధారెడ్డి అనంతరం ఆయన తమ్ముడు లకుమయారెడ్డి వర్ధమానపురాన్ని ఆక్రమిస్తాడు. గన్నారెడ్డి గజదొంగగా పేరుపడి, లకుమయ కుమారుడు వరదారెడ్డిని పెండ్లిపీటల మీది నుంచే ఎత్తుకొనిపోతాడు. పుత్రునికి జన్మతోనే హక్కు కలుగుతుందన్న మితాక్షర న్యాయం గన్నారెడ్డి పక్షానే ఉన్నది. అయినా నవల ఆ న్యాయాన్ని ఆశ్రయించదు. అతని హక్కుకు అతని శౌర్యౌదార్యాలే సాక్ష్యం.

ఈ మౌనానికి కారణం రుద్రమదేవి అనుకొంటాను. గన్నారెడ్డి నిలబెట్టదలచిన చక్రవర్తిని తండ్రి సంకల్పం వల్ల సింహాసనమెక్కిన కుమార్తె. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్ర హరిహర మురారిదేవులు ఆమె సవతి సోదరులనీ, ఆమెపై తిరుగుబాటు చేశారనీ చెబుతుంది. గణపతిదేవునికి కుమారులున్నట్లు శాసనాధారం లేదు. ఉన్నారనే అనుకొంటే, మితాక్షర క్రమంలో కుమార్తె కంటె వారిదే ముందు స్థానం. కుమారుని జన్మహక్కే ప్రమాణమైతే గన్నారెడ్డి గెలుస్తాడు, రుద్రమ ఓడుతుంది. ఇద్దరినీ గెలిపించదలచిన నవలాకారుడు హక్కు చర్చను విడిచి యోగ్యతను ప్రమాణం చేసికొన్నాడు. నవలకు ఇది బలం, బలహీనత కూడా. యోగ్యుడు కాని వారసునికి, గెలవలేని వారసురాలికి ఆ ప్రమాణంలో చోటు లేదు.

శాసనం మరొక చిత్రాన్ని ఇస్తుంది. బుద్ధారెడ్డి కుమార్తె, మల్యాల గుండదండాధీశుని భార్య అయిన కుప్పాంబిక 1276లో బూదపురంలో శాసనం వేయించింది. వర్ధమానపుర వారసత్వాన్ని పురుషుల పోరుగానే చదివే అలవాటును ఆమె శాసనం ప్రశ్నిస్తున్నది. గద్వాల సంస్థానపు చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ అన్న విషయాన్ని కూడా ఈ సందర్భంలో స్మరించవలసి ఉన్నది.

4. ముగింపు

కుమార్తె ప్రశ్నకు చట్టం ఆలస్యంగానైనా సమాధానమిచ్చింది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు సమష్టి కుటుంబ ఆస్తిలో జన్మహక్కు కల్పించింది. 2005లో కేంద్ర చట్టం కుమార్తెలందరికీ దానిని విస్తరించింది. సవతి బిడ్డ ప్రశ్న అంతగా తేలలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేనప్పుడు సవతితల్లి ఆస్తిలో ఆ బిడ్డకు కుమారుని హోదా లేదనీ, భర్త వారసునిగానే అవకాశమున్నదనీ 1987లో సుప్రీంకోర్టు నిర్ధారించింది. పెంపకం ఎంత గాఢమైనదైనా, చట్టరీత్యా దత్తత జరగనిదే, అది వారసత్వం కాలేదు.

రంగనాథ రామాయణమే ఒక వారసత్వ కథ. తండ్రి విఠలుని పేర కుమారుడు పూర్వకాండలు చెప్పగా, ఉత్తరకాండను ఆ కవి కుమారులు కాచవిభుడు, విఠలరాజు పూర్తిచేశారు. రామకథలో రాజ్యం పంచబడేది ఆ ఉత్తరకాండలోనే. కుశలవులకూ, తమ్ముల కుమారులకూ రాముడు వేర్వేరు రాజ్యాలేర్పరుస్తాడు. అయోధ్యాకాండలో ఒక్కరికే చెందవలసి వచ్చి కుటుంబాన్ని చీల్చిన రాజ్యం, చివరకు పంపకంతోనే శాంతిస్తుంది. మంథర పగను గుర్తుంచుకొన్న మన విమర్శ ఈ పంపకాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉన్నది.