షెట్లాండ్ ఫిడేలూ సాయంత్రపు అరగంటా

రేడియో ఇంటికొచ్చాక ఊళ్లో పాట మూగబోయిందన్న ఫిర్యాదు ఏ దేశంలోనైనా వినపడేదే. స్కాట్లాండుకు ఉత్తరాన, అరవయ్యో అక్షాంశం దగ్గర సముద్రంలో ఉన్న షెట్లాండ్ దీవుల్లో ఆ ఫిర్యాదుకు రుజువూ ఉంది, జవాబూ ఉంది. చిన్నాపెద్దా కలిపి వందదాకా దీవులున్నా మనుషులుండేది 16 దీవుల్లోనే. జనాభా సుమారు 23 వేలు, మన లెక్కన ఒక చిన్న పట్నం. ఆ కొద్దిమంది మధ్యే తమదంటూ ఒక ఫిడేలు బాణీ ఇవాళ్టికీ బతికి ఉంది. దాని చరిత్ర చూస్తే నాకు తోచేది ఇది: విన్నదాన్ని తిరిగి వాయించుకునే చోటు దగ్గర్లో ఉంటే రేడియో సంగీతానికి ఎరువవుతుంది, లేకపోతే ఊరి నోరు కట్టేస్తుంది.

ముందు ఆ బాణీ సంగతి. 1469 వరకు ఈ దీవులు నార్వే ఏలుబడిలోవి, ఆ తర్వాత స్కాట్లాండువి. రెండు వైపుల వాసనా ఈ సంగీతంలో ఉంది. ఇక్కడ ఫిడేలు కూర్చుని వినే కచేరీ కోసం పెరగలేదు, నాట్యం కోసం పెరిగింది. పెళ్లింట్లో రాత్రంతా జనం చిందేయాలంటే ఆధారం ఒక్క ఫిడేలే. డోలు లేదు, తోడు వాయిద్యం లేదు. అందువల్ల పాటా శ్రుతీ తాళమూ మూడింటినీ ఒకే కమాను మోయాల్సి వచ్చింది. పాట నడిచే తీగతో పాటు పక్కనున్న ఖాళీ తీగను కూడా కమాను తాకుతూ పోతుంది. ఆ మోతే శ్రుతి. ఇక కమాను ఒత్తిడి దెబ్బ మీద కాకుండా దెబ్బకూ దెబ్బకూ మధ్య పడుతుంది, కాళ్లను లేపేది అదే. కొన్ని పాటలకు కింది రెండు తీగలనూ ఒక్కో మెట్టు పైకి బిగిస్తారు. అప్పుడు నాలుగు తీగలూ మంద్ర స్థాయిలో స-ప, మధ్య స్థాయిలో స-ప అయి కూర్చుంటాయి. మన కర్ణాటక వయొలిన్ మేళవింపూ సరిగ్గా ఇదే. ఒకరినొకరు ఎరగని రెండు సంప్రదాయాలు, శ్రుతిని వాయిద్యంలోనే నింపుకోవాలన్న అవసరంతో ఒకే చోటికి చేరాయన్నమాట. పాటలు వచ్చిన దారులు ఇంకా చిత్రం. గ్రీన్‌లాండు తిమింగలాల వేటకు పోయే ఓడలు లెర్విక్ రేవులో ఆగి ఇక్కడి కుర్రాళ్లను ఎక్కించుకునేవి. వాళ్లు తిరిగొచ్చేటప్పుడు కొత్త వరసలు తెచ్చేవారు. కొన్ని వరసలైతే గుట్టల్లో కాపురముండే ‘ట్రౌ’లనే మరుగుజ్జు భూతాల దగ్గర నేర్చుకున్నవని చెప్పుకుంటారు.

రేడియో చేసిన చేటును దాచనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బీబీసీలో స్కాటిష్ డ్యాన్స్ బ్యాండ్‌ల హోరు మొదలైంది. జిమ్మీ షాండ్ ఎకార్డియన్ ఇంటింటా మోగింది. నాట్యాలు మారాయి, వాటి వెంట వాయిద్యాలూ మారాయి. ఒంటరి ఫిడేలు పాతకాలపు సరుకైపోయింది. ఇంతవరకు ఫిర్యాదుదారులు చెప్పేది నిజం. అయితే అదే రేడియోలో, అంతకన్నా దూరం నుంచి వచ్చిన శబ్దం వేరే పని చేసింది. యెల్ దీవిలో 1920లో పుట్టిన పీరీ విల్లీ జాన్సన్ షార్ట్‌వేవ్‌లో అమెరికా స్టేషన్లు పట్టి ఎడ్డీ లాంగ్ జాజ్ గిటారు విన్నారు. విన్నదాన్ని దాచుకోలేదు, ఊరి ఫిడేళ్ల వెనక వాయించారు. మంద్రస్వరం ఒకటి, దాని వెంటే ముక్కలు చేసినట్టు ఒక కార్డు, దెబ్బదెబ్బకూ కార్డు మారిపోవడం, ఇదీ ఆయన పద్ధతి. ఇవాళ షెట్లాండ్ సంగీతమంటే ప్రపంచం గుర్తుపట్టేది ఆ గిటారును కూడా కలుపుకునే. స్వచ్ఛమైన సంప్రదాయమని గుండెలు బాదుకునేవారు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. షాండ్ ప్రసారానికీ లాంగ్ ప్రసారానికీ తేడా యంత్రంలో లేదు. మొదటిదానికి జనం తమ వాయిద్యాన్ని పక్కనపెట్టారు, రెండోదాన్ని ఒక మనిషి తమ వాయిద్యం పక్కకు తెచ్చి కూర్చోబెట్టారు.

అలా కూర్చోబెట్టే పని ఒక్కరి ప్రతిభకు వదిలేస్తే నిలవదు. ఆ లోటు పూడ్చినవారిలో ముఖ్యులు టామ్ ఆండర్సన్. బీమా ఏజెంటుగా ఊరూరా తిరిగే ఆయన పాత వాయిద్యగాళ్ల వరసలను సేకరించారు, 1970ల నుంచి బడిపిల్లలకు ఫిడేలు నేర్పించారు. ఆలీ బెయిన్ లాంటి ప్రపంచ ప్రఖ్యాతులు ఆయన శిష్యులే. 1977లో బీబీసీ రేడియో షెట్లాండ్ మొదలైంది. మరుసటేడే దీవుల్లోని సల్లమ్ వో టెర్మినల్‌కు సముద్రపు చమురు చేరింది, దాని వెంట బయటి జనమూ బయటి డబ్బూ దిగాయి. సరిగ్గా ఆ సమయంలో సాయంత్రం అరగంట సేపు ఊరి యాసలో ఊరి వార్తలు, వాతావరణం, ఊరి సంగీతం వినపడటం చిన్న విషయం కాదు. ఇక 1981లో మొదలైన ఫోక్ ఫెస్టివల్ ఆ విన్నవారికి చోటు చూపించింది. ఏప్రిల్ నెలాఖరునో మే మొదట్లోనో జరిగే నాలుగు రోజుల పండుగది. నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు. దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు లెర్విక్ పట్నంలోనే ఉండిపోరు, దూరపు పల్లెల హాళ్లకు వెళ్లి స్థానికులతో పాటే వేదికెక్కుతారు. చివరి రాత్రి జరిగే ‘ఫోయ్’లో బృందాలు ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పరుగులు తీస్తూ వాయిస్తాయి. ప్రేక్షకుణ్ణి వేదిక దగ్గరికి రప్పించడం మన సభల పద్ధతి, ఇక్కడ వేదికే ఊరికి కదులుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది: ఇందులో రేడియో గొప్పేముంది, బతికించింది బడి కదా అని. చాలామటుకు ఒప్పుకోవాల్సిందే. చేతులకు పని నేర్పింది బడే. కానీ వాయించేవాడికి చెయ్యి ఒక్కటే చాలదు, తెలిసి వినే చెవులు కూడా కావాలి. ఈ వరస ఎవరిది, ఏ దీవిలో ఎలా వాయిస్తారు అన్న ఎరుక ఫిడేలు ముట్టని వాళ్లక్కూడా ఉన్నప్పుడే వాయించేవాడికి భయభక్తులుంటాయి. ఆ చెవులను తయారుచేసేది రేడియో, హాళ్లు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి. వాల్సీ దీవి వాటం, యెల్ ఉత్తరాన ఉన్న కల్లివో వాటం వేరువేరు. పదుల ఫిడేళ్లు ఒక్కటై వాయించే బృందాలూ, అందరూ ఒకే రికార్డు వినడమూ ఆ తేడాలను అరగదీశాయి. ఇది నిజంగా జరిగిన నష్టమే, దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పాత చేతుల రికార్డింగులు భద్రంగా ఉన్నాయన్నది మాత్రం కొంత ఊరట. కోరుకున్న పిల్ల ఊరి పెద్దవాయిద్యగాడి కమానుపట్టును ఇప్పటికీ విని నేర్చుకోవచ్చు.

ఇంటర్నెట్‌లో అన్నీ ఉండగా రేడియోలో ఈ సాయంత్రపు అరగంట దేనికంటే, ఇంటర్నెట్ ఎవరికి కావలసింది వాళ్లకు విడివిడిగా ఇస్తుంది. రేడియోలో ఒకే వరసను ఒకే నిమిషంలో పక్కింటివాడూ విన్నాడన్న సంగతి నాకు తెలుసు, రేపు వాడితో దాని గురించి వాదించవచ్చు. అయితే రేడియో షెట్లాండ్ బీబీసీ సొత్తు, దాని డబ్బు లెక్కలు తేలేది దీవుల్లో కాదు. ఆ విషయంలో మన మాచ్నూర్ ఒక అడుగు ముందుంది: జహీరాబాద్ దగ్గర 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపేది ఆ పల్లెల దళిత మహిళలే, అందులో పాటలూ వారివే. కానీ మన 2006 కమ్యూనిటీ రేడియో విధానం స్టేషన్లకు సొంతంగా వార్తలు చదివే హక్కు ఇవ్వలేదు. షెట్లాండ్‌లో వార్త విందామని రేడియో పెట్టినవాడికి, అడగకుండానే ఫిడేలు కూడా చెవిన పడుతుంది. మన పల్లె రేడియోలో ఊరి వార్త కోసం ట్యూన్ చేసే శ్రోతే ఉండడు, కాబట్టి పాట కోసమే వచ్చేవాళ్లను అది వెతుక్కోవాలి.