గట్టు వేసే చేతులు

మర్రిపాడు పక్క మెరక చేలకు తుఫాను వాన వరమే, గండమూ అదే. వాలు మీదున్న ఎర్రనేలపై ఒక్క రాత్రి గట్టిగా కురిస్తే చాలు, పైమన్ను కొట్టుకుపోయి గులకరాళ్ళు తేలతాయి. ఆ మన్నును పట్టి నిలిపేది గట్టు. గట్టు వేసేవాళ్ళంటే నాకు ఎనలేని గౌరవం.

పలుగు, పార, తట్ట. తరతరాలుగా మట్టిపనిలో ఆరితేరిన వడ్డెరలకు ఇవి చాలు. గట్టు వాలుకు అడ్డంగా సాగాలి, తల ఎక్కడా కుంగకూడదు. పెళ్ళలు చితక్కొట్టి, పొర మీద పొర తొక్కుతూ వేస్తారు. అడుగు వెడల్పు, తల సన్నం. మిగులు నీరు పోయేచోట రాళ్ళు పేరుస్తారు. అది మరిచారా, గట్టు తెగి ఆ గండే చేనును కోసేస్తుంది. తవ్విన గుంటలో ఒక మట్టి దిమ్మెను ముట్టకుండా వదలడం నాకు మరీ ఇష్టం. ఎంత లోతు తవ్వారో చెప్పే సాక్ష్యం అదే, కూలికి లెక్కా అదే.

ఈ గట్లకు, కందకాలకు అప్పటి మద్రాసు ప్రభుత్వం 1949లో చట్టం చేసింది. 1954లో బళ్ళారిలో నేల సంరక్షణ పరిశోధన కేంద్రం వెలసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలయ్యాక ఈ పని ఊరూరి కూలీల చేతికీ వచ్చింది.

వాన వెలిసిన తెల్లారి గట్టుకు ఎగువన వంగి చూడండి. వేలి మందాన మెత్తటి ఒండ్రు, ఇంకా తడిగా.